కోటమిట్టలో మా ఇంటి తలుపు

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున నన్ను తలుపులు చూడడానికి పిలిచారు. మా ఊళ్ళో కోట దగ్గర మొదలై బజారు దాకా నిట్టనిలువుగా దిగే కోటమిట్ట వీధి ఒకటుంది. దాని పొడవునా ఉన్న పాత ఇండ్ల తలుపులను చూపిస్తూ జనాన్ని నడిపించే కార్యక్రమం ఈ మధ్యే మొదలైంది. బెంగళూరు నుంచి వచ్చిన ఒక కుర్రాడు దాన్ని నడుపుతున్నాడు. నెత్తిన టోపీలు, మెడలో కెమెరాలు, చేతుల్లో నీళ్ళ సీసాలతో ఇరవై మంది దాకా వచ్చారు. ఆ వీధిలో పుట్టి పెరిగి నాలుగు పుస్తకాలు రాసినదాన్ని కాబట్టి నన్నూ పిలిచి, చివర్లో నాలుగు మాటలు చెప్పమన్నారు. నడక ఎప్పుడూ పైనుంచి కిందికే. ఎక్కే శ్రమ లేకుండా అందరినీ కార్లలో కోట దాకా తీసుకుపోయి వదులుతారు. దిగేసరికి కింద కాఫీ సిద్ధంగా ఉంటుంది. అదే వీధిని చంకలో నీళ్ళబిందెతో రోజుకు మూడుసార్లు ఎక్కినవాళ్ళకు ఈ ఏర్పాటు చూస్తే ఒళ్ళు మండుతుంది. నాకు మండింది.

ప్రతి తలుపు దగ్గరా ఆగారు. ఆహా అన్నారు, ఓహో అన్నారు, ఇత్తడి బొడిపెలను వేళ్ళతో నిమిరారు. ఒకావిడ ఎవరిదో గడపకు వంగి దణ్ణం పెట్టింది. ఈ తలుపుల వెనక ఎంత నిండైన బ్రతుకులు ఉండేవో ఒక్కసారి ఊహించుకోండి అని ఆ కుర్రాడు చేతులు చాపి చెప్పాడు, వాళ్ళు ఊహించుకున్నారు. ఊహించుకోవడానికి ఏం పోయింది. తర్వాత మా ఇంటి ముందుకు వచ్చారు. ఇప్పుడది మాది కాదు, ఎవరో కొనుక్కుని గోదాముగా వాడుకుంటున్నారు. వాకిలికి ఒక రెక్క టేకుది, నిండా హంసలు, తామరపూలు. రెండో రెక్క వట్టి వేపచెక్క. ఇట్లా ఎందుకుందో ఆ కుర్రాడు కథ చెప్పాడు. ఈ ఇంటి యజమాని తన ఒక్కగానొక్క కూతురిని అత్తవారింటికి పంపుతూ, పుట్టింటి గుర్తుగా ఒక రెక్కను ఊడదీసి ఇచ్చాడట. అందరూ అయ్యో అని మెత్తబడిపోయారు. ఆ ఒక్కగానొక్క కూతురిని నేనే. నాకెవరూ తలుపు రెక్క ఇవ్వలేదు. ఆ రెక్క ఏండ్ల తరబడి మా పెరట్లో బచ్చలిల్లు మీద కప్పుగా ఉంది. బచ్చలిల్లు అంటే మా వైపు స్నానాలగది. కింద కాఫీ తాగుతూ నన్ను మాట్లాడమన్నప్పుడు, చాలా బాగుంది అని మర్యాదగా చెప్పి ఇంటికి వచ్చేశాను. అక్కడ చెప్పనిది ఇక్కడ చెబుతున్నాను.

మా నాయన ధర్మవరం మగ్గాల దగ్గర పట్టుచీరలు తీసుకుని బళ్ళారి, ఆదోని దుకాణాలకు వేసేవాడు. నెలలో సగం రోజులు బస్సుల్లోనే. ఊళ్ళో ఉన్న రోజు మాత్రం సాయంత్రం నాలుగు కాగానే ముఖం కడుక్కుని, ఉతికిన పంచె కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని బజారుకు దిగేవాడు. ఆ కాస్త దూరానికి మాకు గంట పట్టేది. ప్రతి ఇంటి ముందూ ఆగి, చేతులు వెనక్కి కట్టుకుని, ఆ తలుపును పైనుంచి కిందిదాకా చూసేవాడు. ఇది టేకు, ఇది మద్ది, ఇది ఏ మేస్త్రి చేసింది, ఈ అరటిగెల చెక్కడానికి వాడు ఈ ఇంట్లో ఎన్నాళ్ళు తిన్నాడు, అన్నీ నాకు చెప్పేవాడు. నచ్చిన లత కనిపిస్తే జేబులోంచి కాగితం తీసి గీసుకునేవాడు. ధర్మవరంలో దాన్ని చీర అంచుకు పెట్టించేవాడు. ఉగాది ముందర అన్ని ఇండ్లవాళ్ళూ తలుపులకు ఆముదం పూసేవారు. మధ్యాహ్నం ఎండకు ఆ ఆముదం కాగి, వీధంతా వేడి కొయ్య వాసన కొట్టేది. కదిరి నుంచీ ధర్మవరం నుంచీ సంబంధాలు చూడటానికి వచ్చినవాళ్ళు పిల్ల కంటే ముందు తలుపు చూసేవారు. నాకూ ఆ తలుపులంటే పిచ్చిగా ఉండేది. ఇప్పుడు ఇంత ఎగతాళి చేస్తున్నదాన్ని, పదేండ్ల వయసులో బొడిపెలు లెక్కపెడుతూ నాయన చేయి పట్టుకుని దిగుతుంటే ఈ లోకంలో ఇంతకంటే గొప్ప వీధి లేదనుకున్నాను.

తలుపు దాటి లోపలికి పోతే ఉండే సంగతి వేరు. మిట్ట వీధి కాబట్టి ఇండ్లన్నీ మెట్లలాగా ఒకదాని కింద ఒకటి ఉండేవి. ప్రతి ఇంటి మిద్దె మీద నిలబడితే కింది ఇంటి పెరడు అరచేతిలో ఉన్నట్టు కనిపించేది. పెరట్లో ఓ మూల బచ్చలిల్లు. ఇల్లు అనడమే గానీ, నా భుజాల ఎత్తు మట్టిగోడలు మూడు, నాలుగో పక్క గోనెపట్ట. పైన ఏమీ ఉండదు, ఆకాశమే. వీధి వైపు మూడంగుళాల మందం టేకు తలుపులు, వాటికి ఇనుప గడియలు, ఆ గడియలకు అడ్డకొయ్యలు. ఇంటి ఆడవాళ్ళు ఒంటి మీద బట్ట తీసే చోట గోనెపట్ట. ఏ ఇంట్లోనూ మగవాళ్ళకు ఇది వింతగా అనిపించలేదు. వాళ్ళు పెరటి మధ్యలో బండ మీద కూర్చుని, అంగవస్త్రం చుట్టుకుని, మంత్రాలో పాటలో పాడుకుంటూ నీళ్ళు పోసుకునేవారు. ఆడవాళ్ళు వేగుచుక్క ఉండగానే లేచి, చీకట్లో, చలికి పండ్లు పటపటలాడుతుంటే రెండు చెంబులు గుమ్మరించుకుని తెల్లవారకముందే చీర చుట్టుకునేవారు. మా అమ్మ పెళ్ళై వచ్చిన మర్నాటి నుంచి అట్లాగే చేసింది. తర్వాత కరువొచ్చేదాకా ఆమె పగటి వెలుతురులో స్నానం చేయగా నేను చూడలేదు.

అమ్మకు ఒకే ఒక కోరిక ఉండేది. నగలడగలేదు, చీరలంటారా, పట్టుచీరల మూటల మధ్యే పడుకునేది. బచ్చలిల్లుకు పైన కప్పు కావాలంది. మా మేనమామ తాడిపత్రి బండల లారీ మీద పనిచేసేవాడు. అక్కను చూడటానికి వచ్చినప్పుడు నాలుగు పెద్ద బండలు తెచ్చి పెరట్లో దించి పోయాడు. అమ్మ వాటిని రోజూ కడిగేది. కడగాల్సినంత మురికి వాటికేమీ లేదు. బేల్దారి వస్తాడు, గోడలు కాస్త పైకి లేపి ఆ బండలు పరుస్తాడు అని నాతో చెప్పి చెప్పి మురిసేది. బేల్దారి రానే వచ్చాడు. సరిగ్గా ఆ వారమే, కోట పక్కన కూలిపోయిన పెద్ద ఇంటివాళ్ళు ఊరు వదిలి పోతుంటే, మా నాయన వాళ్ళకు రెండు పట్టుచీరలిచ్చి వాళ్ళ తలుపు తీసుకున్నాడు. హంసల తలుపు. ఎనిమిది మంది కలిసి మోసుకుని వచ్చారు. మా వాకిలికి అది పట్టలేదు. వాకిలి పగలగొట్టి వెడల్పు చేయాల్సి వచ్చింది. అంత తలుపుకు ముందర మెట్లు లేకపోతే వెలితిగా ఉంటుందని నాయనకు తోచింది. పెరట్లోని బేల్దారిని ముందుకు పిలుచుకుపోయాడు. బేల్దారితో పాటు అమ్మ నాలుగు బండలూ ముందుకు పోయాయి. సాయంత్రానికి అవి మెట్లయ్యాయి.

గడపకు పసుపు రాసి, నవధాన్యాలు వేసి, తలుపు నిలబెట్టిన రోజున వీధి వీధంతా వచ్చింది. బొరుగులు, బెల్లం పంచాం. మా పై ఇంటి పెద్దాయన, అంటే ఆ వీధికి తీర్పులు చెప్పే మనిషి, వీధిలోకెల్లా గొప్ప తలుపున్న మనిషి, చేతికర్రతో మా మెట్ల మీద తట్టి, ఇప్పుడు నీది ఇల్లనిపిస్తాంది అని నాయనతో అన్నాడు. ఆ ఒక్క మాట మీద మా నాయన నెల రోజులు బతికాడు. నేను కొత్త పరికిణీ కట్టుకుని, ఆ మెట్ల మీద ఎగురుతూ, నా స్నేహితులకు హంసలను చూపిస్తున్నాను. అమ్మ కనిపించకపోతే వెతుక్కుంటూ పెరట్లోకి పోయాను. బండలు ఉన్న చోట నేల మీద నాలుగు తడి మరకలు ఉన్నాయి, అమ్మ వాటిని చూస్తూ నిలబడి ఉంది. తలుపు చూడటానికి రావా అని చేయి పట్టి లాగాను. ఆ పిల్లను ఇప్పుడు తలుచుకుంటే నాకు రెండు చెంపలు వాయించాలనిపిస్తుంది.

తర్వాతి ఏడు వాన చుక్క పడలేదు. మాకది కొత్త కాదు, కానీ ఆసారి మిట్ట కింద బజారు దగ్గరున్న బావిలో కూడా అడుగు కనిపించింది. మున్సిపాలిటీ వాళ్ళు ట్యాంకరు పంపేవారు. అది తెల్లారిన తర్వాత ఏడుకో ఎనిమిదికో వచ్చేది. ముందురోజు నీళ్ళు ముందురోజే అయిపోయేవి. దాంతో వేగుచుక్క స్నానాలు పోయాయి. ఆడవాళ్ళు ట్యాంకరు దగ్గర కొట్లాడి, బిందె చంకనెత్తుకుని మిట్ట ఎక్కి, చెమటతో తడిసి, పట్టపగలు గోనెపట్ట వెనక్కి పోవాల్సి వచ్చింది. అదే ఏడు నేను పెద్దమనిషినయ్యాను. సరిగ్గా ఆ స్నానాల వేళకే మా పై ఇంటి పెద్దాయన మిద్దె ఎక్కేవాడు. వేపపుల్ల నోట్లో పెట్టుకుని, పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, మా పెరటి వైపు తిరిగి, అరగంట సేపు పండ్లు తోముకునేవాడు. మిద్దెకు నాలుగు వైపులున్నాయి, ఆయనకు ఒక్క వైపే కనిపించేది. నేను చీర మీద చీర చుట్టుకుని, తడి బట్టల్లోనే వణుకుతూ, ఒళ్ళు రుద్దుకోకుండానే బయటికి వచ్చేదాన్ని. నాకు ఒంటి నిండా పొక్కులు లేచాయి. అమ్మ నా పక్కన దుప్పటి పట్టుకుని నిలబడేది. దుప్పటి పైకి పట్టుకుంటే కింద కనపడేది, కిందికి పట్టుకుంటే పైన.

నాయన ఊరి నుంచి రాగానే అమ్మ చెప్పింది. ఆమె ఆయనతో అంత గట్టిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. బిడ్డ పెద్దదయింది, పెద్దాయన చూపు మంచిది కాదు, బచ్చలికి కప్పు వేయించు అంది. నాయన సంగటి ముద్ద పక్కన పెట్టి నవ్వాడు. "ఆయన అట్లా మనిషి కాదు. ఆ ఇంటి తలుపు చూసినావా నువ్వు? అట్లాంటి తలుపు ఉండే ఇంట్లో పుట్టినోడు ఆడోళ్ళ దిక్కు చూస్తాడా?" అన్నాడు. ఎగతాళికి కాదు, మనస్ఫూర్తిగానే అన్నాడు. తలుపును బట్టి మనిషిని లెక్కగట్టడం మా వీధిలో చిన్నప్పటి నుంచీ నేర్పే చదువు. ఆ చదువులో మా నాయన అందరికంటే బాగా పాసైనవాడు. ఆ రోజు నాకు నాయన మీద పుట్టిన అసహ్యం చాలా ఏండ్లు పోలేదు. దాన్ని కోపమనీ అలకనీ చిన్నచేసి చెప్పను, అది అసహ్యమే.

మా కింది ఇంట్లో కుళ్ళాయమ్మ ఉండేది. మగ్గం నేసే కుటుంబం, అమ్మ కంటే నాలుగేండ్లు చిన్నది, అమ్మను అక్కా అని పిలిచేది. మర్నాడు నాయన మళ్ళీ బళ్ళారికి పోగానే అమ్మ పెరటి గోడ దగ్గరికి పోయి తన గోడు అంతా ఆమెతో వెళ్ళబోసుకుంది. పై ఇంటి పెద్దాయనను తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టింది. కుళ్ళాయమ్మ రాట్నం ఆపి, తల వంచుకుంది. తర్వాత మెల్లగా అంది. "అక్కా, నీకు పైన ఆ పెద్దాయప్ప ఉండాడు. నాకు పైన మీ ఆయప్ప ఉండాడు. ఊర్లో ఉండే దినాలు పొద్దున్నే మిద్దె మీదనే కదా పండ్లు తోముకునేది. నేనెవురికి చెప్పుకోవల్ల?"

నేను అక్కడే నిలబడి విన్నాను. నాయన చూశాడో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. ఆయన దృష్టంతా ఎదురింటి తలుపు మీద ఉండేదేమో. కానీ కింద స్నానం చేసే మనిషికి ఆ తేడాతో పని లేదు. పైన ఒక మగవాడు నిలబడి ఉంటే చాలు. అమ్మ ముఖం నల్లబడిపోయింది. తర్వాత గోడ దూకినంత పని చేసి అవతలికి పోయి, కుళ్ళాయమ్మ చేయి పట్టుకుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. సాయంత్రం అమ్మ వాకిలి దగ్గర చేరి, కుడి రెక్కను మోచేతి నుంచి వేలి కొస దాకా మూరలు వేసి కొలిచింది. పెరట్లోకి పోయి బచ్చలి గోడలనూ అట్లాగే కొలిచింది.

మర్నాటి మధ్యాహ్నం, వీధి అంతా అన్నాలు తిని కునుకు తీసే వేళ, కుళ్ళాయమ్మ గడ్డపార తెచ్చింది. పాతకాలపు తలుపులకు ఇప్పటిలాగా బందులుండవు. రెక్కకు పైనా కిందా కొయ్య మొనలుంటాయి, అవి గుంటల్లో తిరుగుతాయి. రెక్కను పైకి ఎత్తితే పై మొన గుంటలోకి ఇంకాస్త పోతుంది, కింది మొన గడప లోంచి బయటికి వస్తుంది. కుళ్ళాయమ్మ గడ్డపార కింద పెట్టి ఎగదన్నింది, అమ్మ భుజం ఆనించింది, నేను గుంటలోకి రాయి తోశాను. మూడోసారికి రెక్క ఊడింది. దాన్ని మోయడం మా వల్ల కాలేదు. రోకళ్ళు రెండు, కుళ్ళాయమ్మ ఇంటి దూలం ముక్క ఒకటి కింద వేసి, వెనకది తీసి ముందు పెడుతూ, నట్టింట్లోంచి వంటింట్లోంచి పెరట్లోకి దొర్లించుకుని పోయాం. గోడకు ఏటవాలుగా ఆనించి కింద నుంచి ముగ్గురం తోశాం. చెక్కడం ఉన్న వైపు కిందికి వచ్చేట్టు అమ్మే తిప్పించింది, పైకి ఉంటే నీళ్ళు నిలిచి కొయ్య పాడవుతుందని. అంత కోపంలోనూ కొయ్య పాడవకూడదని చూసుకుంది. అది మూడు గోడల మీద కొలిచి చేసినట్టు కూర్చుంది. అమ్మ నాకు సీకాయ, రెండు బిందెల నీళ్ళు ఇచ్చి, వంగి లోపలికి పో అంది. నేను పోయాను. బట్టలన్నీ తీసేసి ఒళ్ళంతా రుద్దుకున్నాను. బయటికి వచ్చేసరికి ఇద్దరూ గోడకానుకుని కూర్చుని, చేతులు పగిలి రక్తం కారుతుంటే చూసుకుని నవ్వుతున్నారు.

నాయన రెండు రోజుల తర్వాత వచ్చాడు. మూట భుజాన వేసుకుని మిట్ట ఎక్కి వస్తూ, నోరు తెరుచుకున్న వాకిలిని దూరం నుంచే చూశాడు. అప్పటికే వీధి అంతా చూసి, నవ్వుకుని, ఎవరింటి గడపల మీద వాళ్ళు నిలబడి ఆయన ముఖం కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా పెరట్లోకి వచ్చాడు. ఏం పని చేసినావే ఇది అన్నాడు. అమ్మ బియ్యం చెరుగుతూ చేట కింద పెట్టింది. "నా బండల మీద నువ్వు చెప్పులు ఇడుస్తాండావు. నీ తలుపు కింద నా బిడ్డ నీళ్ళు పోసుకుంటాది. సరికి సరి. ఇంకోటి చెప్తా విను, రేపట్నుంచి మిద్దె మీద పండ్లు తోముకోవద్దు. కింద కుళ్ళాయమ్మ ఉండాది." అంతే, మళ్ళీ చేట అందుకుంది.

నాయన రెక్కను దింపించి మళ్ళీ వాకిలికి పెట్టించి ఉండవచ్చు. అందుకు మనుషులు దొరకకపోరు. కానీ బచ్చలి మీదికెక్కిన కొయ్యను మళ్ళీ సింహద్వారానికి పెట్టకూడదని మా వీధిలో పట్టింపు. మైలపడ్డ కొయ్యకు పసుపు రాయరు, లక్ష్మి ఆ వాకిట్లోంచి రాదు. ఆ పట్టింపును అందరికంటే గట్టిగా పట్టుకుని ఊరేగినవాడు మా నాయనే. ఇది తెలిసే అమ్మ ఆ రెక్కను అక్కడ పెట్టింది. ఆయన కట్టిన ముడితోనే ఆయనను కట్టేసింది. వారం తర్వాత వేపచెక్కతో ఒక రెక్క చేయించి వాకిలికి తగిలించాడు. ఆ బచ్చలి కప్పు కింద జన్మలో తల పెట్టను అని ఒక మాట మాత్రం అన్నాడు, పెట్టలేదు కూడా. మామూలుగా పెరటి మధ్యలో బండ మీద కూర్చునే నీళ్ళు పోసుకునేవాడు. మిద్దె మాత్రం ఎక్కలేదు. సాయంత్రాలు తలుపులు చూస్తూ బజారుకు దిగడం మానేశాడు, పక్క సందులోంచి పోయేవాడు. పై ఇంటి పెద్దాయన నాయనను పిలిపించుకుని, తలుపును అట్లా అవమానిస్తే ఇంటికి అరిష్టమని, వీధి పరువు పోతుందని గంట సేపు బుద్ధి చెప్పాడట. ఆయనకు కలిగిన అరిష్టమేమిటో మాకు తెలుసు.

ఇంకో సంగతి. నెల తిరక్కుండానే కుళ్ళాయమ్మ తన బిందె తాను తెచ్చుకుని మా బచ్చలిల్లులో పోసుకోవడం మొదలుపెట్టింది. తర్వాత ఆమె ఆడబిడ్డ, ఆ తర్వాత ఇంకో రెండిండ్లవాళ్ళు. చివరకు ఒక రోజు పై ఇంటి పెద్దాయన కోడలు కూడా కొంగు కింద చెంబు దాచుకుని వచ్చింది. వాళ్ళ పైన ఇండ్లు లేవు, కానీ కోట రాళ్ళ మీద కుర్రాళ్ళు కూర్చుంటారు. అమ్మ ఎవరినీ ఏమీ అడగలేదు. వేడినీళ్ళ ఆవిరికి పైన కొయ్యలోంచి పాత ఆముదం వాసన దిగి సీకాయ వాసనతో కలిసేది. ఆ హంసలను పైకి చూస్తూ కూర్చున్నది మేమే, ఆ వీధి ఆడవాళ్ళం. ఏ మగవాడూ ఆ చెక్కడాన్ని అంత దగ్గరగా, అంత తీరిగ్గా చూసి ఉండడు.

ఇప్పుడు ప్రతి పడకగదికీ ఒక స్నానాలగది ఉన్న ఇండ్లనుంచి వచ్చి, తలుపుకు లోపల గొళ్ళెం వేసుకుని కడుపునిండా నీళ్ళు పోసుకుని వచ్చి, వీధి తలుపుల ముందు కరిగిపోయేవాళ్ళను చూస్తే నాకు జాలి కూడా కలగడం లేదు. నిండైన బ్రతుకులట. వెనక పెరటికి ఎవరినైనా తీసుకుపోయారా? ఆ రోజు నేను అడిగాను. పెరళ్ళలో చూడటానికి ఏమీ లేదండీ అన్నాడు ఆ కుర్రాడు, చాలా మర్యాదగా. వాడి తప్పు కాదు. చూడటానికి ఏమీ లేకుండా చేయడానికే మా అమ్మ అంత పాటు పడింది. కానీ అప్పటికి ఇప్పటికి పెద్ద మార్పు వచ్చిందనుకోను. మనిషి ముఖానికి రంగు కొట్టుకునే చోటు మారింది గానీ, వెనక గోనెపట్ట ఎక్కడో ఒక చోట వేలాడుతూనే ఉంటుంది. నా ఇంటి ముందు గదిలో నేను పెట్టుకున్న పుస్తకాల బీరువా కూడా అట్లాంటి తలుపేనేమో, ఒప్పుకోవడానికి నాకు ఇష్టం లేదు.

ఆ తర్వాత నేను చదువుకుని, ఉద్యోగానికి అనంతపురం పోయాను. ఒక వేసవిలో నాయనకు కుడిపక్క పడిపోయిందని కబురొస్తే సెలవు పెట్టి వచ్చాను. మాట ముద్దగా వచ్చేది, లేచి నిలబడలేడు. అమ్మ, నేను చెరో జబ్బా పట్టుకుని పెరటి మధ్యలో ఆయన ఎప్పుడూ కూర్చునే బండ మీద కూర్చోబెట్టి నీళ్ళు పోసేవాళ్ళం. ఆయన పట్టుదల ఆయనకుంది కదా, అమ్మ దాన్ని వదులుకోమని అడగదు. నాలుగో రోజో ఐదో రోజో నేను వీపు రుద్దుతుంటే, పై ఇంటి మిద్దె మీద గాలిపటాలు ఎగరేస్తున్న పిల్లకాయలు పిట్టగోడ దగ్గరికి వచ్చారు. పెద్దాయన మనవళ్ళు. పెద్దాయన పోయి అప్పటికి నాలుగేండ్లు. వాళ్ళు దేనికి నవ్వారో తెలియదు, బహుశా మమ్మల్ని చూసి కూడా కాదు. ఒకడు ఇంకొకడిని రారేయ్ అని పిలిచాడు. నాయన తల ఎత్తి పైకి చూశాడు. ఒంటి మీద తడి గోచీ తప్ప ఏమీ లేదు. పనిచేసే ఎడమచేత్తో కప్పుకోబోయాడు. ఆ చేయి దేనికీ సరిపోలేదు. పైన కప్పుకుంటే కింద, కింద కప్పుకుంటే పైన. ఆయన ఒళ్ళంతా కుంచించుకుపోయింది. అప్పుడు ఆ చేత్తోనే బచ్చలిల్లు వైపు చూపించాడు. అమ్మ అర్థం కానట్టు నిలబడింది. లోపలికి తీసుకోని పో అన్నాడు ముద్దమాటతో, రెండుసార్లు.

నేను గోనెపట్ట ఎత్తి పట్టుకున్నాను. అమ్మ ఆయనను వంచి, పీట మీద కూర్చోబెట్టి, లోపలికి జరిపింది. లోపల ముగ్గురికి చోటు లేదు, నేను బయటే చెంబు అందిస్తూ నిలబడ్డాను. ఆయన తల వెనక్కి వాల్చి పైకి చూశాడు. ఆవిరి పట్టి పట్టి నల్లబడిన హంసలు ముఖానికి జానెడు దూరంలో ఉన్నాయి. చాలాసేపు చూశాడు. ఎన్నేండ్లయింది అని అడిగాడు. పదకొండు అంది అమ్మ. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారడం నేను చూశాను. నాకు జాలి కలిగింది, ఆ జాలి మీద నాకే కోపం వచ్చింది. పైన పిల్లకాయలు ఇంకా నవ్వుతున్నారు. నాయన అమ్మ చీర కుచ్చిళ్ళు ఎడమచేత్తో పట్టుకుని, చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"పైనుంచి కనపడతాదా?"

"కనపడదు," అంది అమ్మ. "కండ్లు మూసుకో, సబ్బు పడ్తాది."